ఒక్క పిలుపు

రబియాకు ఒక జబ్బుంది. ఏ సంగతైనా సగం చెవిన పడితే, మిగతా సగం తెలిసేదాకా ఆమెకు అన్నం సయించదు. నరసరావుపేటలో ఉన్నప్పుడు పక్కింట్లో ఎవరైనా దగ్గితే అది ఎవరి దగ్గో, ఎన్నాళ్ళనుంచో, ఏ మందు వాడుతున్నారో కనుక్కుని గానీ పొయ్యి వెలిగించేది కాదు. “నిన్ను పోలీసుల్లో చేర్చుకుంటే గుంటూరు జిల్లాలో దొంగలు వేరే పని వెతుక్కునేవాళ్ళు” అని మొగుడు చాంద్ బాషా ఆటపట్టించేవాడు. ఆ చాంద్ బాషాయే ఇప్పుడు గుడిసె ముందు చతికిలబడి, “రబియా, నేను పిలిచానంటావా?” అని ఆమెనే అడుగుతున్నాడు.

ఆ రోజు అక్కడ లేని మనిషిని అడిగే ప్రశ్నేనా అది! కానీ అడుగుతున్నాడు. చెట్టు మీద పడి కూలీ జక్కయ్య పోయిన రోజు “పిలిచాను, అల్లా మీద ఒట్టు” అన్నాడు. మర్నాటికి “పిలిచాననే గుర్తు” అన్నాడు. ఇప్పుడు మాట ఇంకా జారింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్క గొంతుతో కాదంటుంటే ఎంతటివాడికైనా తన మీద తనకే అనుమానం పుడుతుంది.

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలం అది. బొల్లాపల్లి అవతల అడవిలో ఒక ముక్కను సర్కారు వేలం వేస్తే చెన్నకేశవరావు అనే కంట్రాక్టరు పాడుకున్నాడు. అట్లా నరకడానికి ఇచ్చిన ముక్కనే కూపు అంటారు. అంతకు ముందు కూపుల్లో చెట్లన్నీ గొడ్డళ్ళతోనే పడేవి. చెన్నకేశవరావుకు తొందరెక్కువ. పేటలో ఒక కలప అడితీలో పనిచేసే చాంద్ బాషానూ, రబియా తమ్ముడు ముర్తుజానూ వాళ్ళ రంపంతో సహా పట్టుకొచ్చి అడవిలో దించాడు. మనిషి నిలువు కంటే పొడుగుండే రంపం అది. చెరో కొసా పట్టుకుని లాగితే, గొడ్డలి పూటంతా తినే మాను చూస్తుండగానే తెగిపోయేది. చిన్న చెట్లు గొడ్డలితో పడేయడానికీ, కొమ్మలు కొట్టడానికీ, కట్టెలు పేర్చడానికీ చుట్టుపక్కల పల్లెల కూలీలు వచ్చేవారు. వాళ్ళకు పెద్ద వీరాంజనేయులు మేస్త్రి. ఆయన జీవితమంతా గొడ్డలితో చెట్లు కూల్చినవాడు.

మొగుడికీ తమ్ముడికీ వండి పెట్టడానికి వచ్చిన రబియా ఊరికే కూర్చోలేక టీ కాచడం మొదలుపెట్టింది. పొద్దున్నే కూపులోకి పోయే ప్రతివాడూ ఆమె గుడిసె ముందు ఆగి ఓ గ్లాసు తాగి, ఓ కబురు చెప్పి పోయేవాడు. టీ కంటే కబుర్లే ఆమెకు గిట్టుబాటు. జక్కయ్య పోయాక గ్లాసులు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. ఎవరూ ఆగడం లేదు.

ఆ రోజు కోస్తున్నది నల్లమద్ది మాను. పల్లానికి పడాల్సింది, మొదలు దగ్గర చిట్లి, మెలితిరిగి పక్కకు వాలింది. ఆ పక్కనే అంతకు ముందు పడిన చెట్టు కొమ్మలు నరుకుతూ, ఇటు వీపు పెట్టి జక్కయ్య ఉన్నాడు. చాంద్ బాషా చెప్పేదేమిటంటే, “జక్కయ్యా!” అని గొంతు చించుకుని అరిచాడు. జక్కయ్య గొడ్డలి ఆపాడు. విన్నాడు గదా, తప్పుకుంటాడు గదా అనుకున్నాడు. జక్కయ్య కదల్లేదు. అంతే.

కూలీలు చెప్పేది ఒక్కటే మాట. “పిలవలా.”

ముర్తుజా పిలిచాడనే చెప్పాడు గానీ, బామ్మర్ది సాక్ష్యానికి విలువేముంది? పైగా జక్కయ్య మొదటివాడు కాదు. ఈ కూపు మొదలయ్యాక రంపం కింద చెట్టు పడి ఒకడి నడుము దెబ్బతింది, సామ్యేలు అనే కుర్రాడి భుజం విరిగింది. వాళ్ళూ అదే అన్నారు. పోలీసులు వచ్చి పోయారు, అడవి ఆఫీసువాళ్ళు వచ్చి పోయారు. జక్కయ్య కోసం చర్చిలో ప్రార్థన అయిపోయాక చెన్నకేశవరావు వచ్చి ఏదో ఒకటి తేల్చేస్తానన్నాడు. తేల్చడమంటే, కేక వేయకుండా చెట్టు పడేసి మనిషిని చంపినవాడన్న పేరు పెట్టి పంపేయడమే. ఆ పేరుతో పేటకు పోతే ఏ అడితీలోనూ రంపం పట్టనివ్వరు. అయితే రబియాను తినేస్తున్నది అది కాదు. ఇంకొన్నాళ్ళు పోతే ఈ మనిషి “నేను పిలవలేదు, నేనే చంపాను” అని నమ్మేస్తాడు. నమ్మాక ఇక మామూలు మనిషి కాడు.

మొగుడు అబద్ధం ఆడడని ఆమె అనుకోలేదు. బీడీల విషయంలో రోజుకో అబద్ధం ఆడతాడు. కానీ బీడీ అబద్ధం ఆడేటప్పుడు ఆయన కళ్ళు గుడిసె కప్పు వైపు పోతాయి. జక్కయ్య మాట చెప్పేటప్పుడు కళ్ళు నేల మీదే ఉన్నాయి. మరి ఇంతమంది కూలీలు కూడబలుక్కుని అబద్ధం ఆడుతున్నారా? నిన్న మొన్నటిదాకా టీ తాగి, “బాషన్న రంపం పడితే వెన్న కోసినట్టుంటది” అని మెచ్చుకున్నవాళ్ళేగా. వాళ్ళ మొహాల్లోనూ అబద్ధం లేదు. అటు నిజమే, ఇటు నిజమే అయితే మధ్యలో మనిషెట్లా చచ్చిపోయాడు? రబియా అన్నం పళ్ళెం పక్కకు నెట్టేసింది.

టీ చెంబు పట్టుకుని ముందు సామ్యేలు దగ్గరికి వెళ్ళింది. భుజానికి కట్టుతో వాడు చూరు కింద కూర్చుని ఉన్నాడు. మొహం తిప్పుకుంటాడనుకుంది గానీ, టీ చూసి మెత్తబడ్డాడు.

“నిజం చెప్పు సామ్యేలూ. మా ఆయన పిలవలా?”

“పిలవలా వదినా. పిలిస్తే తప్పుకోనా? నాకేం చావాలని సరదానా?”

“నీకేమన్నా చెవుడుందా?”

“ఛీ, పో వదినా.”

కట్టు చూసింది రబియా. వెనక రెక్క ఎముక దగ్గర. నడుము దెబ్బతిన్నవాడికీ వెనకే. జక్కయ్యకు తల వెనక. ఇక్కడ ఆమెకు మరొకటి గుర్తొచ్చింది. మేస్త్రి వీరాంజనేయులు పంచె ఎగగట్టి టీ తాగుతుంటే ముంగాళ్ళ నిండా గాట్లు కనిపించేవి. “ఏంది మేస్త్రీ ఇయ్యి?” అని ఒకరోజు అడిగింది కూడా. గొడ్డలి జారితే కాలికే గదా తగిలేది అని నవ్వాడాయన. పాత కూలీలందరికీ దెబ్బలు ముందువైపే, కాళ్ళకే. రంపం వచ్చాక తగిలినవన్నీ వెనకవైపే. కేక వినపడకపోతే పోనీ, రంపం చప్పుడు ఆగినా, మాను చిట్లినా మనిషన్నవాడు ఒకసారి తల తిప్పి చూడడా? చూస్తే దెబ్బ పక్కకో, మొహం మీదో, అడ్డం పెట్టిన చేతికో తగలాలి. ఒక్కడు కూడా ఎందుకు తిరగలేదు?

సామ్యేలు టీ తాగుతుండగా రబియా వాడి వెనక్కి వెళ్ళి చెంబు మూత నేల మీద పడేసింది. సామ్యేలు ఉలిక్కిపడి గిరుక్కున తిరిగాడు.

“ఏంది వదినా ఇది! గుండె ఆగింది.”

“మరి అడివిలో చెట్టు చిటిల్తే ఇట్టా తిరగవే?”

“కూపులో పొద్దుగూకులూ ఏదో ఒకటి విరుగుతానే ఉంటది. చప్పుడైనప్పుడల్లా తిరిగితే పనెప్పుడు చేసేది? పిలిస్తే చూస్తాం.”

పిలిస్తే చూస్తాం. పిలవలేదు. మళ్ళీ మొదటికే వచ్చింది. ఆమెకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియక చెంబు మూత మీద కోపం చూపించి, గట్టిగా నొక్కి పెట్టింది.

ఇక మిగిలింది జక్కయ్య భార్య జ్ఞానమ్మ. జక్కయ్య ప్రాణం పోయిన రోజున రబియా వెళ్ళి గుమ్మం బయట నిలబడి ఏడ్చి వచ్చేసిందే గానీ, లోపలికి వెళ్ళే ధైర్యం చాలలేదు. అయినా వెళ్ళింది. ఇంటి దగ్గర లేదు. పొయ్యిలోకి కట్టెలు లేక అడవి అంచుకు పోయిందని పక్కింటావిడ చెప్పింది. చర్చిలో ప్రార్థన అయిన మర్నాడే కట్టెలు! పేదవాళ్ళకు ఏడవడానికి కూడా తీరిక ఇవ్వని లోకం మీద రబియాకు మరోసారి ఒళ్ళు మండింది.

కాలిబాట పట్టుకుని పోతే, చెట్ల మధ్య జ్ఞానమ్మ వీపు కనిపించింది. వంగి కొడవలితో ఎండు కంప కోస్తోంది.

“జ్ఞానమ్మొదినా!”

కొడవలి ఆగింది. జ్ఞానమ్మ తిరగలేదు.

కోపం కాబోలు, ఉండదా మరి అనుకుంది రబియా. వచ్చిన దారినే పోదామని ఒక అడుగు వెనక్కి కూడా వేసింది. కానీ ఆమె జబ్బు ఆమెను పోనిస్తేగా! మళ్ళీ పిలిచింది. జ్ఞానమ్మ మెడ బిగుసుకోవడం వెనకనుంచే కనిపించింది. ఉన్నచోటే రాయిలా ఉంది. ఈసారి రబియాకు ఏడుపొచ్చింది. “వదినా, జ్ఞానమ్మొదినా, నేనే!” అంది.

“ఓ!” అంటూ జ్ఞానమ్మ ఇటు తిరిగింది. మొహంలో కోపం జాడే లేదు. “నువ్వా వదినా? రా, ఎండలో ఇంత దూరం ఏంది?”

“మొదటిసారే వినపళ్ళా?”

“వినపడింది.”

“మరి పలకవే? నా మీద కోపమనుకున్నా.”

“కోపమేంది! అడివిలో ఒక్క పిలుపుకి ఎవరన్నా పలుకుతారా?” పేట మనిషికి ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది జ్ఞానమ్మ. “అడివిలో పేరు పెట్టి పిలిచేది మనిషో, ఇంకోటో ఎవరికి తెలుసు? మనిషి గానిది మూడోసారి పిలవలేదంట. అందుకని మూడోసారి వినేదాకా పలకగూడదు, తిరగగూడదు, కదలగూడదు. ఊళ్ళో ఏం లేదనుకో. అడివిలో అడుగు పెడితే అంతే.”

“మగవాళ్ళు గూడానా?”

“అందరం. చర్చి అయ్యగారు గసురుతాడు గానీ, అడివికొచ్చేది ఆయన గాదుగా! మా ఆయన మటుకు తొందరపడి పలికేవాడు. పెళ్ళైన కొత్తలో నేనే నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నా, మూడో పిలుపుదాకా కదలొద్దని. అప్పట్నుంచి ఒక్కనాడు తప్పలేదు మారాజు.” జ్ఞానమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

రబియా అక్కడే ఒక రాయి మీద కూలబడింది. గొడ్డలి ఆపాడు అన్నాడు గదా చాంద్ బాషా. విన్నాడు గదా అనుకున్నానన్నాడు. జక్కయ్య విన్నాడు. విని, రెండో పిలుపు కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. జ్ఞానమ్మ ఇప్పుడు నిలబడినట్టే, మెడ బిగించి, వీపు ఇటు పెట్టి. రెండో పిలుపు రాలేదు. చెట్టు వచ్చింది.

ఈ మనిషికి ఏమని చెప్పడం? నీ ఒట్టే నీ మొగుణ్ణి నిలబెట్టేసిందని ఏ నోటితో చెప్పడం? కంప మోపు ఎత్తి జ్ఞానమ్మ తల మీద పెట్టి, ఆమె వెనకే తలొంచుకుని నడిచింది.

ఇంటికి రాగానే మొగుణ్ణి కూర్చోబెట్టి అడిగింది. “గొడ్డలివాళ్ళు చెట్టు పడేసేటప్పుడు ఎన్నిసార్లు కేకేస్తారు?”

“మూడేసి సార్లు అరుస్తారు. గొంతు బలిసి అరుస్తున్నారనుకునేవాణ్ణి.”

“నువ్వట్టా అరవ్వే?”

“ఎట్టా కుదురుద్ది? గొడ్డలైతే చెట్టు ఇంకా నిలబడుండగానే ఆపొచ్చు. తీరిగ్గా అరిచి, అందరూ జరిగాక ఆఖరి దెబ్బలేస్తారు. రంపంతో అట్టా కాదే. కోత సగం దాటితే మాను దాని బరువుకి అదే విరుగుద్ది. ఒక్క కేకేసే టైము కూడా కష్టం.”

రబియా అంతా చెప్పింది. వింటూ వింటూ చాంద్ బాషా మొదట లేచి నిలబడ్డాడు. “అయితే పిలిచాను. నేను పిలిచాను రబియా!” అన్నాడు. ఇన్నాళ్ళకు ఆ మొహంలో కాస్త వెలుగు చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆయన మళ్ళీ కూర్చుండిపోయాడు. “విన్నాడు. విని నిలబడ్డాడు పిచ్చోడు” అని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. తర్వాత తలెత్తి, “ఆమెకు చెప్పమాక. నేనే పిలవలేదనుకోనియ్. నన్ను తిట్టుకుంటే తేలిగ్గా ఉంటది ఆమెకు” అన్నాడు.

ఇటువంటి మనిషిని ఎవరైనా హంతకుడనుకుంటారా అని రబియాకు గుండె నిండిపోయింది. అయినా ఒప్పుకోలేదు. “నువ్వు పోతే ఇంకో రంపం వస్తది. దాన్ని పట్టేవాడు గూడా ఒక్కసారే పిలుస్తాడు. సామ్యేలు చెయ్యి నయమై మళ్ళా కూపుకి పోతాడు. వాడు గూడా అట్టా బిగుసుకుని నిలబడాలా?”

మర్నాడు పొద్దున చెన్నకేశవరావు జీపులో వచ్చాడు. పంచాయితీ పెట్టింది కూపులోనే, ఆ నల్లమద్ది మొదలు దగ్గర. పని ఆపడం ఆయనకు ఇష్టం లేదు గనక కాస్త పక్కగా గొడ్డళ్ళు మోగుతూనే ఉన్నాయి. జ్ఞానమ్మను కూడా పిలిపించారు. చాంద్ బాషా వంచిన తల ఎత్తలేదు.

“చెప్పు మేస్త్రీ, పిలిచాడా, పిలవలేదా?” అన్నాడు చెన్నకేశవరావు.

“పిలవలేదండీ” అన్నాడు వీరాంజనేయులు, ఏ మాత్రం తడుముకోకుండా.

రబియా ముందుకొచ్చింది. “మేస్త్రీ, నేనొకటి అడుగుతా. అసలు కేకే వినపళ్ళేదా, మూడుసార్లు వినపళ్ళేదా?”

వీరాంజనేయులు ఆమె వైపు వింతగా చూశాడు. “ఒక్కటి వినపడింది. ఒక్కటి పిలుపెట్టా అవుద్దమ్మా?”

చెన్నకేశవరావుకు తిక్క రేగింది. “ఏంటయ్యా నువ్వనేది! వినపడిందంటావు, పిలవలేదంటావు. తాగి వచ్చావా?” అని అరిచాడు. మేస్త్రి చిన్నపిల్లవాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. అడవిలో మొదటిది పిలుపు కాదు, రెండోది కూడా కాదు, మూడోది పిలుపు. రంపం మనిషి అంతదాకా పిలవలేదు గనక పిలవలేదన్నాం, ఇందులో అబద్ధమేముంది? ఆయన చెబుతుంటే పక్కనున్న కూలీలు అవునన్నట్టు తలలూపుతున్నారు. అందరికీ తెలిసిన సంగతిని విడిగా ఎవరికైనా చెప్పాలని వాళ్ళలో ఒక్కడికీ తోచలేదు. మూడుసార్లు ఎందుకు అరుస్తున్నారని అడగాలని చాంద్ బాషాకూ తోచలేదు.

రబియా జ్ఞానమ్మ వైపు చూసింది, చూసినందుకు చింతించింది. జ్ఞానమ్మకు అర్థమైపోయింది. ఎవరూ విడమరచి చెప్పనక్కర లేకుండానే, మొహం మీద నెత్తురు చుక్క లేకుండా పోయింది. అడగకుండా ఉండాల్సిందని రబియాకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అనిపించింది.

“బాషన్నా” అంది జ్ఞానమ్మ. “ఆయన విన్నాడా?”

చాంద్ బాషా అబద్ధం ఆడబోయాడు. కళ్ళు పైకి, చెట్ల కొమ్మల వైపు పోయాయి. అక్కడ నిలవలేక మళ్ళీ కిందికి దిగాయి. “గొడ్డలి ఆపాడమ్మా” అన్నాడు.

జ్ఞానమ్మ మాను మొదలు వైపు చూసింది. తర్వాత, “ఆ రోజు ఎట్టా పిలిచావో అట్టా పిలువు అన్నా” అంది.

“వద్దమ్మా.”

“నేను వినాల.”

చాంద్ బాషా మాను మొదలు దగ్గరికి వెళ్ళి, ఆ రోజు రంపం పట్టి నిలబడ్డ చోటే నిలబడ్డాడు. గొంతులో బలమంతా తెచ్చుకుని అరిచాడు.

“జక్కయ్యా!”

కూపులో గొడ్డళ్ళన్నీ ఒక్కసారిగా ఆగాయి. పని చేస్తున్నవాళ్ళంతా వీపులు ఇటు పెట్టి, ఎక్కడివాళ్ళు అక్కడే బిగుసుకుని నిలబడిపోయారు. పేరు తమది కాకపోయినా, చచ్చిపోయినవాడిదని తెలిసినా, ఒక్క తల తిరగలేదు. ఆ వరసంతటినీ రబియా కళ్ళారా చూసింది. ఆ వీపుల్లో దేని మీదికైనా ఈ క్షణాన ఒక మాను వాలొచ్చు.

“ఓ!” అని పలికింది జ్ఞానమ్మ.

ఆ ఒక్క పిలుపుకే, అందరి ముందూ, అడవి మధ్యలో గట్టిగా పలికింది. పలికి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రబియా పోయి పట్టుకుంది. బిగుసుకున్న మనుషులు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మెల్లగా ఇటు తిరిగారు.

వీరాంజనేయులు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. జ్ఞానమ్మనూ, చాంద్ బాషానూ మార్చి మార్చి చూశాడు. తర్వాత చెన్నకేశవరావు వైపు తిరిగాడు.

“పిలిచాడండీ” అన్నాడు.